ఇంజిన్ బరువు ఎక్కడ నిలవాలి?

కారు ఇంజిన్ మౌంటింగు మార్చడమంటే చాలా బళ్లలో మూడు నాలుగు బోల్టులు విప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి బిగించడమే. పానా పట్టడం అలవాటున్నవాళ్లకు అందులో తెలియని విద్య ఏమీ లేదు. చిక్కంతా బోల్టులు విప్పినప్పటినుంచి మళ్లీ బిగించేదాకా ఇంజిన్‌ను ఏది మోస్తుందన్న దగ్గరే ఉంది. చిన్న పెట్రోలు బండిలో కూడా ఇంజిన్, గేర్‌బాక్సు కలిస్తే నూరు కిలోలు దాటుతాయి. పెద్ద డీజిల్ అయితే రెండు వందలు, ఆపైన. ఈ బరువును కింద జాకీ పెట్టి ఆపాలా, పైన అడ్డకడ్డీ వేసి వేలాడదీయాలా, చైన్ బ్లాకుకు కట్టాలా అన్న విషయంలో మెకానిక్కులకే ఒక్క మాట లేదు. ఎవరికి అచ్చొచ్చిన పద్ధతి వాళ్లది. ఇంట్లో పని చేసుకునేవాళ్లు మాత్రం అచ్చిరావడాన్ని నమ్ముకోకూడదు. ఒక ఆధారం ఎందుకు నిలుస్తుందో, ఏ పరిస్థితిలో జారుతుందో తెలిస్తేనే చేయి పెట్టాలి.

తొలినాటి కార్లలో ఇంజిన్‌ను నేరుగా చట్రానికే బిగించేవాళ్లు. నాలుగు సిలిండర్ల అదురంతా సీట్లోకి వచ్చేది. 1931లో క్రైస్లర్ సంస్థ తన ప్లిమత్ కారులో ఇంజిన్‌ను రబ్బరు దిమ్మల మీద నిలబెట్టి, దానికి ఫ్లోటింగ్ పవర్ అని పేరు పెట్టింది. మరుసటి ఏడాదే ఫ్రాన్సులో సిత్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుని, ఈదుతున్న హంస బొమ్మతో ప్రచారం చేసుకుంది. అందులో కొత్తదనం రబ్బరు వాడటం ఒక్కటే కాదు. ఇంజిన్ సహజంగా ఏ ఇరుసు చుట్టూ ఊగాలనుకుంటుందో కనిపెట్టి, దానికి అనుగుణంగా ఆధారాలు అమర్చారు. అందుకే ఇవాళ్టి మౌంటింగుల్లో అన్నీ ఒకే పని చేయవు. కొన్ని బరువు మోస్తాయి, కొన్ని ఊగుడు ఆపుతాయి. మనం ఏది విప్పుతున్నామో తెలియకుండా ఇంజిన్‌ను ఎలా ఆపాలన్న ప్రశ్నకు జవాబు చెప్పలేం.

అంబాసిడర్ కారులోనూ, బొలెరో వంటి బళ్లలోనూ ఇంజిన్ పొడవుగా కూర్చుంటుంది. రెండు పక్కలా రెండు ఫౌండేషన్ రబ్బర్లు, అంటే మౌంటింగులు, గేర్‌బాక్సు కింద ఒకటి. పక్క రబ్బర్లు రెండూ ఒకేసారి వదిలేస్తే బరువంతా గేర్‌బాక్సు రబ్బరు మీద వాలుతుంది. ముందున్న ఫ్యాను రేడియేటరుకు తగలడానికి అంగుళాల తేడాయే ఉంటుంది. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక మన రోడ్ల మీద అడ్డంగా పెట్టిన ఇంజిన్, ముందు చక్రాల నడక మామూలైపోయాయి. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువ భాగం ఆ దారిలోనివే. వీటిలో సాధారణంగా టైమింగ్ గొలుసు లేదా బెల్టు ఉన్న వైపు పైన ఒకటి, గేర్‌బాక్సు వైపు పైన ఒకటి మౌంటింగులు ఉంటాయి. ఈ రెంటి నుంచీ ఇంజిన్ ఉయ్యాల బల్లలా వేలాడుతుంది. కింద, వెనక వైపు రెండు చివర్లా రబ్బరు బుష్‌లున్న పొట్టి కడ్డీ ఒకటి ఇంజిన్‌ను సబ్‌ఫ్రేముకు కట్టి ఉంచుతుంది. దాన్ని టార్క్ రాడ్ అంటారు. అది బరువు మోయదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు ఇంజిన్ ముందుకీ వెనక్కీ తిరగకుండా పట్టుకుంటుంది.

ఈ ఒక్క తేడా తెలిస్తే పని సగం తేలికవుతుంది. పైన రెండూ బాగుండి కింది టార్క్ రాడ్ మాత్రం మార్చాలంటే ఇంజిన్‌కు బరువు మోసే ఆధారం అక్కర్లేదు. బోల్టు తీయగానే ఇంజిన్ కొద్దిగా ముందుకో వెనక్కో వాలుతుంది కాబట్టి చెక్కతోనో బెల్టు పట్టీతోనో దాన్ని ఆపుకుంటే చాలు. ఈ పనికి కూడా ఇంజిన్ కింద జాకీ పెట్టి పైకి లేపేవాళ్లున్నారు. అవసరం లేదు సరికదా, ఆ ఎత్తుడుకు బాగున్న పై రబ్బర్లు సాగి నలుగుతాయి. టైమింగ్ వైపు మౌంటింగు విప్పినప్పుడు మాత్రం బరువులో పెద్ద వాటా నిజంగానే గాలిలో ఉంటుంది. రెనో, నిస్సాన్ 1.5 లీటరు డీజిల్ బళ్లలో టైమింగ్ బెల్టు మార్చడానికే కుడివైపు మౌంటింగు విప్పాలి. అంటే రబ్బరు పాడవకపోయినా ఈ అవసరం వస్తుంది. 2006లో వచ్చిన హోండా సివిక్‌లలో లోపల ద్రవం ఉండే ఆ వైపు మౌంటింగు కారిపోవడం అమెరికాలోనూ ఇక్కడా బాగా తెలిసిన సంగతే. అక్కడ అది ప్రయాణికుడి వైపు, మనకు డ్రైవరు వైపు.

రబ్బరు పోయిందని తేల్చుకోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బండి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగు అదరడం, రివర్సుకు మార్చినప్పుడు దబ్బుమనడం, మౌంటింగు చుట్టూ నల్లటి జిడ్డు కారి ఉండటం ప్రధాన గుర్తులు. మూడు సిలిండర్ల ఇంజిన్ సహజంగానే కొంచెం ఎక్కువ ఊగుతుంది. 2024లో స్విఫ్ట్ కూడా నాలుగు సిలిండర్ల నుంచి మూడుకు దిగింది. అలాంటి బండిలో కొద్దిపాటి అదురు చూసి ఫౌండేషన్ మార్చేయకండి. బానెట్ ఎత్తి, బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో వేసి ఇంజిన్ ఎంత లేస్తుందో చూసే పరీక్ష ఒకటుంది. ఆ సమయంలో బండి ముందు మనిషి నిలబడకూడదు. పక్కనుంచి చూడాలి.

ఇక పద్ధతులు. అందరికీ మొదట తోచేది ఆయిల్ చాంబరు కింద చెక్క పెట్టి జాకీతో ఆపడం. కొన్ని కంపెనీల సర్వీసు పుస్తకాలు దీన్ని ఒప్పుకుంటాయి, కొన్ని పైనుంచి ఆపమంటాయి. తేడా చాంబరు నిర్మాణంలో ఉంది. రేకు చాంబరు అడుగున మధ్యలో ఒత్తితే లోపలికి సొట్టపోతుంది. ఆయిల్ పీల్చే జల్లెడ గొట్టం సరిగ్గా ఆ అడుక్కు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. సొట్ట ఆ గొట్టం నోటిని మూసేస్తే ఆయిల్ అందక ఇంజిన్ పట్టేస్తుంది. అదీ జాకీ తీసిన రోజున కాదు, తర్వాత ఎప్పుడో హైవే మీద. అల్యూమినియం పోత చాంబరు సొట్టపోదు, పగులుతుంది. కొత్త ఇంజిన్లు కొన్నిటిలో చాంబరు ప్లాస్టిక్‌దే, దాని కింద జాకీ మాటే ఎత్తకూడదు. గేర్‌బాక్సు కింద పెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త. పోత గుల్ల ఉన్నచోట పెట్టవచ్చు కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు అడుగున ఉండే పల్చటి పళ్లెం మీద పెట్టకూడదు. క్రాంక్ పుల్లీ కింద పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. పుల్లీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి చెక్క జారుతుంది, లోపలున్న రబ్బరు వలయం చెడుతుంది, బరువు క్రాంక్ బేరింగు మీద పడుతుంది.

చెక్క గురించి రెండు మాటలు. చాంబరు అంచుల దాకా పరుచుకునేంత వెడల్పు, కనీసం రెండంగుళాల మందం, పగులు లేని తుమ్మో వేపో టేకో కావాలి. పొట్టుతో అతికించిన బోర్డు ముక్క నలిగిపోతుంది. చెక్క వెడల్పు ఎందుకంటే బరువును చాంబరు గోడలకూ, అంచు పట్టీకీ పంచడానికి. మధ్యలో చిన్న దిమ్మ పెడితే చెక్క ఉన్నా లేనట్టే.

జాకీ విషయంలో ఇంకో సంగతి చాలామంది గమనించరు. చక్రాల మీద నడిచే ట్రాలీ జాకీ చేయి లేచేటప్పుడు నిటారుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకే బరువు ఎత్తే కొద్దీ జాకీ నేల మీద కొంచెం దొర్లి సర్దుకోవాలి. సిమెంటు నేల మీద అది దానంతటదే జరుగుతుంది. మట్టి మీదైతే చక్రాలు కూరుకుపోతాయి, పైన ఉన్న బరువు పక్కకు లాగబడుతుంది, చెక్క తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మెత్తబడిన తారు మీదా ఇదే జరుగుతుంది. బండిని ఎత్తి నిలిపే స్టాండు కాళ్లయితే తారులోకి దిగిపోతాయి. అపార్ట్‌మెంటు పార్కింగులో నున్నటి టైల్స్ వేసి ఉంటే జాకీ మరీ తేలిగ్గా దొర్లుతుంది. ఒక పక్కకు వాలు ఉంటే మనం చూడని క్షణంలో కదులుతుంది. హైడ్రాలిక్ జాకీలన్నిటికీ ఉన్న బలహీనత సరేసరి. సీలు అరిగితే అది నెమ్మదిగా దిగుతుంది. గంటసేపు పట్టే పనిలో ఆ నెమ్మది సరిపోయినంత వేగమే.

కింది నుంచి ఎత్తడంలో అసలు ప్రమాదం వేరే ఉందని నా నమ్మకం. ఇంజిన్ ఇంకా మిగతా మౌంటింగులతో బండికే కట్టి ఉంది. జాకీ కొడుతూ పోతే మొదట చెడిన రబ్బరు మీది బరువు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా కొడితే లేచేది ఇంజిన్ కాదు, బండే. చక్రాల మీద ఉన్న బండి అయితే స్ప్రింగులు సాగుతాయి, అంతే. స్టాండ్ల మీద ఉన్న బండి అయితే చాసిస్ స్టాండు నుంచి లేచి పక్కకు జరుగుతుంది, దాని కింద మనిషి ఉండవచ్చు. కాబట్టి ఎంత ఎత్తాలో కంటితో అంచనా వేయకుండా మౌంటింగు బోల్టునే అడగాలి. పానాతో వదులు చేశాక ఆ బోల్టు వేళ్లతో తిరిగితే బరువు సరిగ్గా అందుకున్నట్టు. అంతకు మించి ఒక్క దెబ్బ కూడా కొట్టకూడదు. పని మొదలుపెట్టే ముందు టైరుకూ ఫెండరుకూ మధ్య ఖాళీని కొలిచి పెట్టుకుంటే అది పెరుగుతోందో లేదో కూడా తెలుస్తుంది.

రెండో పద్ధతి పైనుంచి ఆపడం. బానెట్ కింద రెండు ఫెండర్ల లోపలి గట్ల మీద అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ కూర్చుంటుంది. దాన్నుంచి మరలున్న కొక్కేలు దిగి ఇంజిన్‌కు ఉండే ఎత్తుడు కొక్కేలను పట్టుకుంటాయి. ఇంజిన్ సపోర్ట్ బార్ అంటే ఇదే. ఈ మర గొప్పదనం ఏమిటంటే అది తనంతట దిగదు. హైడ్రాలిక్ జాకీలో లేని భరోసా ఇందులో ఉంది. మిల్లీమీటరు మిల్లీమీటరుగా ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. నేలంతా ఖాళీగా ఉంటుంది. బండి నాలుగు చక్రాల మీదే ఉంటుంది, మనిషి కింద దూరక్కర్లేదు. ఇంట్లో పై మౌంటింగులు మార్చేవాళ్లకు ఇంతకన్నా మంచి మార్గం కనిపించదు.

అయితే ఇది కూడా గుడ్డిగా నమ్మదగ్గది కాదు. కడ్డీ పాదాలు ఫెండరు బయటి అంచు మీద పడితే రేకు వంగుతుంది. గట్టిగా ఉండేది లోపలి గట్టు, షాక్ అబ్జార్బరు గుండ్రటి బుడిపె ఉండే ప్రాంతం. ఇటీవలి కార్లలో పాదచారికి తగిలినా దెబ్బ తగ్గేలా ఫెండర్ల కింద నలిగిపోయే పట్టీలు పెడుతున్నారు. అలాంటిచోట పాదం పెడితే ఇంజిన్ బరువుకు అవి నలుగుతాయి. అప్పుడు పాదాలను షాక్ బుడిపెల మీద నిలిపేలా సర్దుకోవాలి. ఇంజిన్‌కు ఎత్తుడు కొక్కెం లేకపోతే కొందరు గొలుసును ప్లాస్టిక్ ఇన్‌టేకు చుట్టూ, ఆల్టర్నేటరు చుట్టూ తిప్పుతారు. అది పనికిరాదు. సిలిండర్ హెడ్డులో ఖాళీగా ఉన్న మరల రంధ్రంలో గట్టి బోల్టుతో పట్టీ బిగించాలి. అల్యూమినియంలో బోల్టు తన వ్యాసానికి ఒకటిన్నర రెట్ల లోతు దిగితేనే దాన్ని నమ్మాలి. ఒకే కొక్కెం నుంచి గొలుసు రెండు పాయలుగా విడితే కోణం చూసుకోండి. పాయ నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కోదాని మీద మొత్తం బరువులో సగానికి కాస్త ఎక్కువ పడుతుంది. 30 డిగ్రీలకు వాలితే ఒక్కో పాయ మొత్తం బరువంత లాగుడు భరించాలి. పొట్టి గొలుసు వేసి పని కానిచ్చేవాళ్లు ఈ లెక్క తెలియక తెంపుకుంటారు.

మూడోది చైన్ బ్లాకు. మన ఊళ్ల షెడ్లలో ఇనుప దూలానికో, మూడు గొట్టాల ముక్కాలికో, ఒక్కోసారి వేపకొమ్మకో కట్టి ఇంజిన్లు దించిన మెకానిక్కులు తరతరాలుగా ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఆ చేతి నైపుణ్యం చూసినవాళ్లకు గౌరవం కలగక మానదు. చైన్ బ్లాకు తనంతట జారదు, బరువు పట్టుకుని ఆగుతుంది. సికింద్రాబాదు రాణిగంజ్ దుకాణాల్లో సులువుగానే దొరుకుతుంది. కానీ ఇంట్లో దాన్ని దేనికి కడతారు? పోర్టికో స్లాబులోని ఫ్యాను కొక్కెం ఫ్యాను కోసం వేసింది. చెట్టు కొమ్మ ఎంత మోస్తుందో చెట్టును చూసి చెప్పే లెక్క లేదు. చక్రాల మీద నడిచే ఇంజిన్ క్రేను ఉంటే మంచిదే. అయితే అది కూడా హైడ్రాలిక్ కాబట్టి ఎత్తాక గొలుసును వేరే ఆధారానికి కూడా కట్టాలి. మౌంటింగు ఒక్కదాని కోసం క్రేను తేవడం అవసరానికి మించిన శ్రమ అనిపిస్తుంది. ఇంజిన్ పూర్తిగా దించేవాళ్ల సాధనం అది.

ఇటుకలు, సిమెంటు బ్లాకులు, రాళ్లు, డిక్కీలో వచ్చే కత్తెర జాకీ. వీటిలో ఏదీ ఇంజిన్‌కు గానీ బండికి గానీ ఆధారం కాదు. కత్తెర జాకీ టైరు మార్చే కాసేపటి కోసం చేసింది. బోలు బ్లాకు మీద బరువు ఒకచోటే పడితే అది ముందు చెప్పకుండా పగులుతుంది. ఈ విషయంలో ఏ మెకానిక్ మాటైనా, ఎంత అనుభవస్థుడిదైనా, వినకండి. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనా ప్రకారం 2007 ఒక్క ఏడాదే ఆ దేశంలో బండి మీద పడి 168 మంది చనిపోయారు. పనిముట్లు కొదవలేని దేశంలో, సిమెంటు డ్రైవ్‌వేలున్న ఇళ్లలో కూడా ఇలా జరుగుతోంది.

మంచి స్టాండు కొన్నంత మాత్రాన నిశ్చింత అనుకోవడానికీ లేదు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ దుకాణాలు తాము అమ్మిన మూడు టన్నుల, ఆరు టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి తీసుకున్నాయి. పట్టుడు కొక్కెం పళ్లలోకి తగినంత లోతుగా దిగక, బరువు మీద ఉండగా పంటి నుంచి జారే ప్రమాదం ఉందని తేలింది. వాటికి బదులుగా ఇచ్చిన మూడు టన్నుల స్టాండ్లను కూడా వెల్డింగు లోపంతో మళ్లీ పిలవాల్సి వచ్చింది. అక్కడ సొంతంగా బండి పని చేసుకునే మన తెలుగువాళ్లు తమ గ్యారేజీలో పాత స్టాండ్లుంటే వాటి మీది అంకె చూసి సరిచూసుకోవాలి. కొత్త స్టాండుకు పిన్ను కూడా ఉండే రకం తీసుకుంటే పన్ను జారినా పిన్ను ఆపుతుంది.

ఆధారం ఏదైనా, దాని వెనక ఇంకోటి ఉండాలి. పైన కడ్డీ మోస్తుంటే కింద చాంబరుకు తాకీ తాకకుండా వెడల్పాటి చెక్కతో జాకీ నిలపండి. అది మోయదు, కొక్కెం తెగితే పట్టుకుంటుంది. కడ్డీ లేక జాకీతోనే చేయాల్సి వస్తే జాకీ పక్కనే గేర్‌బాక్సు పోత గుల్ల కింద చెక్కతో ఒక స్టాండు ఉంచండి. ఒకేసారి ఒక మౌంటింగునే విప్పండి. దాన్ని పెట్టి, బోల్టులు చేతితో పట్టించాకే రెండోదాని దగ్గరకు వెళ్లాలి. రెండూ ఒకేసారి విప్పితే ఇంజిన్ వాలి, ముందు చక్రాల డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడిరావచ్చు, ఎగ్జాస్టు అల్లిక గొట్టం చిరగవచ్చు, ఏసీ పైపులు లాగబడవచ్చు. కొత్త మౌంటింగు రంధ్రం కలవకపోతే వేలు పెట్టి తడమకూడదు. ఇంజిన్ రెండు మిల్లీమీటర్లు కదిలినా ఆ రంధ్రం కత్తెరే. సన్నటి కడ్డీతో కలుపుకోవాలి.

బిగించేటప్పుడు తొందర పడేవాళ్లు ఎక్కువ. ముందు బోల్టులన్నీ వదులుగా పట్టించి, కడ్డీ లేదా జాకీ పూర్తిగా దించి, ఇంజిన్ తన బరువుతో కొత్త రబ్బరు మీద కూర్చున్నాకే చివరి బిగింపు ఇవ్వాలి. గాలిలో ఉండగానే బిగిస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది. అదురు తగ్గకపోగా కొత్తది కూడా త్వరగా చిరుగుతుంది. ఒక్కసారే వాడదగ్గ బోల్టులు కొన్ని బళ్లలో ఉంటాయి. సర్వీసు పుస్తకం మార్చమంటే మార్చాలి, చెప్పిన బిగువుకు టార్క్ పానాతోనే బిగించాలి. చల్లటి ఇంజిన్ మీద, బ్యాటరీ టెర్మినల్ తీసేసి, హ్యాండ్ బ్రేకు వేసి వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టి పని మొదలుపెట్టడం వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని పద్ధతులు తూచాక నా తీర్పు ఇది. అడ్డ ఇంజిన్ కారులో పైనున్న రెండు మౌంటింగుల్లో ఏదైనా, సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద, బండి నాలుగు చక్రాల మీదే ఉండగా, సపోర్ట్ బార్‌తో, కింద జాకీ కాపలాతో ఇంట్లో మార్చుకోవచ్చు. అమెరికాలో గంట చొప్పున కూలీ తీసుకునే గ్యారేజీలతో పోలిస్తే దీనివల్ల మిగిలే డబ్బు నిజమైనదే, నేర్చుకునే పనీ నిజమైనదే. కింది టార్క్ రాడ్ కూడా ఇంటి పనే, కాకపోతే కింద దూరాలి కాబట్టి మంచి స్టాండ్లు తప్పనిసరి. సబ్‌ఫ్రేము దించితే తప్ప అందని వెనక మౌంటింగు మాత్రం ఇంటి పని కాదు. దాన్ని లిఫ్టు ఉన్న గ్యారేజీకి పంపండి. మీ అపార్ట్‌మెంటు పార్కింగు ఏటవాలుగా ఉన్నా, ఇంటి ముందు మట్టి నేలే ఉన్నా పై మౌంటింగును కూడా అక్కడికే పంపండి. ఇంట్లో చేసే రోజున ఇంకో మనిషిని పక్కన ఉంచుకోండి. జాకీ దిగుతోందో, కడ్డీ పాదం కదులుతోందో చూడటం ఒక్కటే ఆ మనిషి పని.